తాళం వేసిన గది ముందు ఏసోబు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి అవతలికి పోయే మనిషిని నేను. నాస్తికుణ్ణి కాదు. శ్రీశైలం వెళ్తాను, ఇంట్లో హారతి ఇస్తే కళ్ళకు అద్దుకుంటాను. కానీ పోయినవాళ్ళు తిరిగి కనిపిస్తారంటే మాత్రం నవ్వొచ్చేది. పాడుబడ్డ ఇళ్ళు విప్పి బాగుచేయించడమే నా బతుకుతెరువు. ఇన్నేళ్ళలో పాత గోడల్లో నాకు దొరికినవి చెదలు, తేళ్ళు, ఎలుకల గూళ్ళు. అంతకు మించి ఏమీ లేదు.

దయ్యాలున్నాయని చెప్పడానికి ఇప్పుడు ఇది రాయడం లేదు. మార్కాపురంలో మేం అద్దెకిచ్చే గదుల వరస, అదే మా లైను, దాని గురించి ఒక కథ తిరుగుతోంది. ఆటోవాళ్ళు చెప్తారు, టీ దుకాణాల దగ్గర చెప్తారు. మంచాన పడ్డ మొగుణ్ణి భార్య ఎండలో ఈడ్చుకుపోయి చంపిందట. అతను ఆమె మీద పగతో దయ్యమై వచ్చి గది ముందు కూర్చుంటాడట. ఈ కథలో ఒక ముక్క నిజం, మిగిలినదంతా అబద్ధం. ఆ అబద్ధాన్ని పుట్టించింది నేను. పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నదీ నేనే. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన బాధ్యత నా మీదే ఉంది.

మాది చిన్న సొసైటీ. ఒంగోలులో కొందరు రిటైరైన ఉద్యోగులు, ఒకరిద్దరు డాక్టర్లు కలిసి పెట్టారు. పాడుబడ్డ కట్టడాలు కొని, బాగుచేసి, ఎవరూ ఇల్లు అద్దెకివ్వని వాళ్ళకు తక్కువ అద్దెకివ్వడం మా పని. ఒంటరి ఆడవాళ్ళు, టీబీ వచ్చినవాళ్ళు, పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, మతి సరిగా లేని కొడుకును వెంటేసుకుని వీధి వీధీ తిరిగే తల్లులు. గది ఇవ్వడంతో మా పని అయిపోదు. వారం వారం నర్సు వస్తుంది. పింఛను కాగితాలు మేమే తిప్పుతాం. మార్కాపురంలో దీనికంతటికీ ఇన్‌ఛార్జిని నేను.

అద్దె ఇంట్లో చావడం ఎంత కష్టమో సొంత ఇల్లున్నవాళ్ళకు తెలియదు. రోగం ముదిరిందని తెలిస్తే ఓనరు ఖాళీ చేయమంటాడు. ఆస్పత్రిలో ప్రాణం పోతే శవాన్ని గడపలోకి తేనివ్వడు. రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, దాని కింద శవాన్ని పెట్టుకుని ఏడ్చిన కుటుంబాలను మేం చూశాం. అవి చూసిన తర్వాతే సొసైటీ పుట్టింది. అందుకని గదిలోకి ఎవరు చేరినా వాళ్ళకు నేనే దగ్గరుండి ఒక మాట చెప్పేవాణ్ణి. ఇది మీ ఇల్లు, ఇక్కడ బతకొచ్చు, ఇక్కడే పోవచ్చు, ఎవరూ మిమ్మల్ని బయట పెట్టరు అని. ఆ మాట వినగానే కొందరు ఏడ్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే, వాళ్ళు ఏడుస్తుంటే నాకు బాగుండేది.

మేం కొన్నది మూతబడిన ఒక పలకల ఫ్యాక్టరీ. యజమాని వారసులు ఎప్పుడో ఊరు విడిచిపోయారు. రాయి కోసే కొట్లు వరసగా ఉండేవి. ఒక్కో కొట్టుకు విడివిడిగా కప్పు, మధ్యలో సందు. ఆ కప్పులన్నీ విప్పించి, సందులు మూయించి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పొడుగు కప్పు వేయించాను. ఇనుము కలిసొచ్చింది, వాన కారదు. ఒంగోలు నుంచి మా ప్రెసిడెంటు గారు వచ్చి చూసి, మంచి ఆలోచన అని భుజం తట్టారు.

నాలుగో గదిలో ఏసోబు, అతని భార్య సువార్తమ్మ ఉండేవాళ్ళు. అతనిది తర్లుపాడు దగ్గర పల్లె. మీసాలు రాని వయసు నుంచే పలకల పని. మా దగ్గరకు వచ్చేసరికి మనిషి ఎముకల గూడు. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి రాత్రీ పగలూ గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు. రెండు మాటలకు ఒకసారి ఆగి గాలి పీల్చుకోవాలి. గుక్కెడు నీళ్ళు తాగితే చాలు, దగ్గు తెర వచ్చేది. సువార్తమ్మ హోటల్లో అంట్లు తోమి అతన్ని సాకేది. వాళ్ళకు పిల్లల్లేరు.

నేను చెప్పే మాట అతనికీ చెప్పాను. ఏసోబు ఏడవలేదు, నవ్వాడు.

"బతికేదానికి ఎవురూ చోటు ఇయ్యలా సారూ," అన్నాడు ఆగి ఆగి. "చచ్చేదానికి ఇస్తాండారు. గొప్పోళ్ళే మీరు."

ఎండలు ముదురుతున్న రోజుల్లో అతని పరిస్థితి బాగా దిగజారింది. ఒంగోలు తీసుకుపోయినా లాభం లేదని డాక్టరు గారు చెప్పారు. ఇక్కడే ఉంచండి, బాధ లేకుండా చూడండి అన్నారు. గాలి మిషను ఒకటి తెచ్చి గదిలో పెట్టాం. కరెంటు మీద నడిచేది. దాని గొట్టం ముక్కుకు పెట్టుకుని మనిషి కాస్త తెరిపిన పడ్డాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. సువార్తమ్మ పని మానుకుని పక్కనే కూర్చుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి రోజు కోసమే కదా మేం సొసైటీ పెట్టుకున్నది.

ఆ సాయంత్రం మొదటి గది కాశమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె మొగుడు పోయిన మనిషి. సందు మొదట్లో ఇడ్లీలు వేసి అమ్ముతుంది. మొగుడు పోయినప్పుడు శవంతో పాటు ఓనరు ఆమెను కూడా బయటికి నెట్టాడు. లైనులో పెద్దదిక్కు ఆమె. ఆమె మాటంటే అందరికీ గురి.

"సారూ, రేప్పొద్దున్నించి ధనిష్ఠా పంచకం. అయ్యవారిని అడిగొచ్చినా. ఐదు దినాలు ఉంటదంట."

"అయితే ఏంది కాశమ్మా?"

"ఏందంటావేంది? ఆ దినాల్లో మనిషి పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుబెట్టాల. వాకిలికి కంప అడ్డం పెట్టి పోవాల."

నాలుగో గదికి తాళం వేద్దాంలే అన్నాను.

"గదికి ఏస్తే యాడ సరిపోద్ది? నువ్వు ఏయించిన కప్పు ఒకటే గదా. కప్పు ఒకటైతే ఇల్లు ఒకటే. మేమంతా ఎక్కడికి పోవాల?"

ఏసోబు వాళ్ళు క్రిస్టియన్లు కదా, వాళ్ళకు ఈ నక్షత్రాలు ఉండవు అని చెప్పాను.

"వాళ్ళు నమ్మలేదని ఎండ కాయకుండా ఉంటదా?" అంది కాశమ్మ.

నవ్వి పంపించేశాను. కానీ చీకటి పడేలోపు రెండు గదుల వాళ్ళు మూటలు కట్టడం మొదలుపెట్టారు. మతి సరిగా లేని కొడుకున్న తల్లి వాకిట్లో కూర్చుని ఏడుస్తోంది. మళ్ళీ వీధిలో పడితే ఆ పిల్లవాణ్ణి పట్టడం ఆమె తరం కాదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పోయే చోటు లేనివాళ్ళు, అంతే. ఏసోబు మీద వాళ్ళకు కోపం లేదు. కాశమ్మ అతనికి రోజూ మెత్తటి ఇడ్లీ పంపేది, డబ్బు తీసుకునేది కాదు.

వాళ్ళ కోసమే ఆ పని చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మా సొసైటీకి డబ్బిచ్చే పెద్దలు ఆ వారంలోనే లైను చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు చూసి సంతోషపడితే గిద్దలూరులో ఇంకో పాత కట్టడం కొనొచ్చు. వాళ్ళు కారు దిగేసరికి లైను ఖాళీగా ఉండి, ప్రతి వాకిలికీ ముళ్ళకంప అడ్డం ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఊహ. ఏసోబు ఊపిరి కాదు.

నక్షత్రం మీద నాకు నమ్మకం లేదు. నమ్మి చేసుంటే కనీసం భయపడి చేశానని చెప్పుకోవచ్చు. నమ్మకం లేకుండా చేశాను.

పొద్దున్నే వెళ్ళి సువార్తమ్మను బయటికి పిలిచాను. ఐదు రోజులు మీ అన్న ఇంటికి తీసుకుపో, తర్వాత మళ్ళీ నేనే ఆటో పంపి తెప్పిస్తాను అన్నాను. వాళ్ళ అన్నది యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఒక చిన్న పల్లె. రాత్రి లైనులో జరిగిన గొడవ సువార్తమ్మ చెవిన పడే ఉంది.

"మాకు నక్షత్రాలు లేవు గదన్నా. మాకు ఆదివారం ఒక్కటే."

"నాకు తెలుసమ్మా. మిగతావాళ్ళ కోసం."

"ఈ మనిషి ఆటోలో కూచోలేడన్నా. ఆ మిషను తీస్తే ఎట్లా?"

దగ్గర్లో ఆస్పత్రి ఉంది, అక్కడ చూసుకుంటారు అన్నాను. ఆ పల్లెకు దగ్గర్లో ఏ ఆస్పత్రీ లేదని ఇద్దరికీ తెలుసు. ఇంకో మనిషైతే కొట్లాడేది. మా గదిలో మా దయ మీద ఉంటున్నది కాబట్టి ఈమె కొట్లాడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను.

లోపల నుంచి ఏసోబు విన్నాడు.

"పోదాంలేమ్మే," అన్నాడు. "సారు మాట కాదనగాకు. ఐదు దినాలే గదా." గాలి పీల్చుకుని నా వైపు చూశాడు. "గది ఇంకెవురికీ ఇయ్యగాకు సారూ."

ఇవ్వను, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది అన్నాను.

మస్తాన్ ఆటో పిలిపించాను. మా లైను వాళ్ళను ఆస్పత్రికి తిప్పే మనిషి అతను. ఏసోబును నేనూ మస్తానూ కలిసి మోసి వెనక సీట్లో కూర్చోబెట్టాం. దిండు నేనే సర్దాను. బరువే లేడు. గాలి మిషను గదిలోనే ఉండిపోయింది. కాశమ్మ అన్నం మూట తెచ్చి సువార్తమ్మ చేతిలో పెట్టి, ముఖం చూడకుండా వెనక్కి తిరిగింది. ఆటో సందు దాటగానే నేను నాలుగో గదికి సొసైటీ తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకున్నాను. సున్నం వేసేవాణ్ణి పిలిచి, ఆ చివర గదుల నుంచి మొదలుపెట్టమన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు జరిగింది. ఎండ నడినెత్తిన ఉంది. కుళాయి దగ్గర పైపు బిగిస్తూ తల ఎత్తాను. నాలుగో గది ముందు, మూసిన తలుపుకు వీపు ఆనించి, మెట్టు మీద ఏసోబు కూర్చుని ఉన్నాడు.

పొద్దున వెళ్ళేటప్పుడు కట్టుకున్న నీలం లుంగీయే. భుజాన తువ్వాలు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఆ మెట్టుకు పరిచింది పలక రాయి. వసారా నీడలో ఉన్నా ఆ ఎండలకు దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అతను మాత్రం నిమ్మళంగా కూర్చున్నాడు. పొగలాగానో నీడలాగానో కనిపించాడని రాస్తే చదివేవాళ్ళకు నచ్చుతుందేమో. అలాంటిదేమీ లేదు. మామూలు మనిషి. గడ్డం మాసి ఉంది. నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది.

నాకంటే ముందే కాశమ్మ చూసినట్టుంది, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తోంది.

"ఏందయ్యా, ఆటో చెడిపోయిందా?" అని అడిగింది.

అతను జవాబు చెప్పకుండా చెంబు ఎత్తి గటగటా తాగాడు. దగ్గలేదు. నేను దగ్గరికి వెళ్ళి సువార్తమ్మ ఏదని అడిగాను.

"తాళం తీ సారూ," అన్నాడు. "కాసేపు పండుకుంటా."

మాట మధ్యలో ఆగలేదు. ఊపిరి ఎగపోయలేదు. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే వరసగా గుర్తొస్తున్నాయి. అప్పుడు ఒక్కటీ పట్టలేదు. నా తల నిండా ఒకటే ఉంది. సువార్తమ్మ నన్ను మోసం చేసింది, బస్టాండు దగ్గర దింపేసి అతన్ని ఒక్కణ్ణే వెనక్కి తరిమింది అనుకున్నాను. అతనికి జవాబు చెప్పకుండా పక్కకు తిరిగి, గోడ నీడలోకి పోయి సువార్తమ్మకు ఫోన్ చేశాను.

"ఏందమ్మా ఈ పని? ఐదు దినాలు ఓర్చుకోలేకపోయినారా? ఆయన్ని ఒక్కణ్ణే ఎట్ల పంపినావు?"

"ఎవురినన్నా?"

"ఏసోబును. ఇక్కడ గది ముందర కూచోనుండాడు."

ఆమె గొంతు తగ్గించింది. ఎందుకు తగ్గించిందో ఆ మరుక్షణమే అర్థమైంది. "ఏంది అట్ల మాట్లాడతావు? నా ఒళ్ళో తల పెట్టుకోని నిద్రపోతాండాడు. చాన్నాళ్ళకు పడుకున్యాడన్నా. మెల్లగా మాట్లాడు."

"అబద్ధాలు చెప్పగాకు. కండ్లారా చూసి వచ్చినా. నీ ఒళ్ళో ఉంటే లేపి మాట్లాడించు."

ఈ మాట అన్నది నేను. కోపంగా అన్నాను.

ఫోన్‌లోనే వినిపించింది. "ఇదో, ఏమయ్యో, సారు నీతో మాట్లాడతాడంట, లెయ్యి," అని మెల్లగా లేపింది. తర్వాత కొంచెం గట్టిగా. తర్వాత పేరు పెట్టి. మొగుణ్ణి ఆమె పేరు పెట్టి పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఫోన్ కింద పడ్డ చప్పుడు. కాసేపటికి మస్తాన్ తీసుకున్నాడు.

"సారూ, మనిషి చల్లబడిపోయినాడు," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. మెట్టు మీద ఎవరూ లేరు. కాశమ్మ ఖాళీ చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"లోపలికి పోయినాడు సారూ. నువ్వు తాళం ఎప్పుడు తీసినావు?"

తాళం వేసినట్టే ఉంది. చెవి నా జేబులోనే ఉంది. తాళం తీసి తలుపు తోశాను. గోడకు దిండ్లు, మంచం, ఆపేసిన గాలి మిషను, మేకుకు సువార్తమ్మ చీర. పొద్దున ఎలా వదిలామో అలాగే ఉన్నాయి. లోపల ఏమైనా కనిపించి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

నేనూ నాలుగు రకాలుగా ఆలోచించాను. ఎండదెబ్బ అనుకుందామంటే కాశమ్మకు కూడా తగలాలి. ఆమె నిలబడింది వసారాలో, నీడలో. వేరే మనిషెవరో అనుకుందామంటే ఆ ముఖంతో అంత దగ్గర నుంచి మాట్లాడాను. సున్నం వేసేవాణ్ణి అడిగాను. కాశమ్మ చెంబు తీసుకుపోవడం, వంగి ఎవరితోనో మాట్లాడటం అతను చూశాడు. ఎదురుగా ఎవరున్నారో స్తంభం అడ్డమై కనపడలేదన్నాడు. మస్తాన్ చెప్పింది కూడా రాస్తాను. పెద్దదోర్నాల కూడలి ఇంకా రాకముందే సువార్తమ్మ అతన్ని మెల్లగా పోనివ్వమందట, నిద్ర పట్టిందని. ఆ నిద్ర ఎప్పుడు చావైందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. కూడలిలో టీ కోసం ఆటో ఆపి ఉన్నప్పుడు నా ఫోన్ వచ్చింది.

ఇంతవరకు జరిగింది నాకు అర్థం కానిది. దీని తర్వాతది బాగా అర్థమయ్యేదే.

కొంతసేపటికి సువార్తమ్మే ఫోన్ చేసింది. ఏడవడం లేదు.

"ఆటో తిప్పుతాండామన్నా. ఆయన అక్కడికే వచ్చినాడంటివి గదా. అక్కడికే తెస్తా."

వద్దన్నాను. పంచకం రోజుల్లో శవాన్ని లోపలికి తేకూడదమ్మా, మీ అన్న ఊరికే తీసుకుపో అన్నాను. ముందురోజు సాయంత్రం కాశమ్మను చూసి నవ్వినవాణ్ణి, ఆ మాట ఆమె కంటే గట్టిగా అన్నాను. పొద్దున ఇతరుల భయం కోసం పంపాను. మధ్యాహ్నం నా భయం కోసమే రావద్దన్నాను. అవతల ఫోన్ ఆగిపోయింది. మస్తాన్ ఆటోను యర్రగొండపాలెం వైపే పోనిచ్చాడు.

సమాధి చేసే రోజున మా తరఫున పూలదండ పంపాను. నేను వెళ్ళలేదు. తర్లుపాడు నుంచి ఏసోబు అన్నదమ్ములు వెళ్ళారు. గాలి మిషను మీదున్న మనిషిని ఎవరు కదిలించమన్నారు, నీకు పుట్టింటి పిచ్చి పట్టిందా అని అందరి ముందూ ఆమెను నిలదీశారట. నా పేరు చెప్తే గది పోతుందని ఆమె నోరు మూసుకుంది. ఇక్కడ మా ప్రెసిడెంటు గారు ఫోన్ చేసి, మన నియమం ఉంది కదా, అతను బయట ఎలా పోయాడు అని అడిగారు. భార్య పట్టుబట్టి తీసుకుపోయిందండీ, నేను ఎంత చెప్పినా వినలేదు అన్నాను. ఆయన పాపం అన్నారు. తర్వాత ఎవరు అడిగినా అదే మాట చెప్పాను.

పెద్దలు కార్లలో వచ్చారు. కొత్త సున్నంతో లైను తెల్లగా మెరుస్తోంది. ప్రతి గది ముందూ ముగ్గు ఉంది. ఫోటోలు తీసుకున్నారు, కాశమ్మ ఇడ్లీ తిన్నారు. గిద్దలూరు కట్టడం కొన్నాం. అక్కడ ఇప్పుడు ఎందరో నిశ్చింతగా ఉంటున్నారు. నేను చేసిన తప్పు వల్ల ఎవరికీ మేలు జరగలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

కాశమ్మ తాను చూసింది దాచుకోలేదు. ఆమె చూసింది చూసినట్టే చెప్పింది. ఊరు దానికి తోక తగిలించింది. చంపిన పెళ్ళాం కోసం వచ్చి కూర్చున్నాడని అన్నారు. ఆ మాట మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు మనసు తేలికపడింది. దాన్ని ఇంకెలా చెప్పాలో తెలియదు. ఆ కథలో నేను లేను.

సువార్తమ్మ సామాను కోసం ఒకసారి వచ్చింది. లైనులో ఎవరూ బయటికి రాలేదు. తలుపు చాటు నుంచి ఎవరో, "పో పో, మొగుడు లోపల నీకోసమే చూస్తాండాడంట" అన్నారు. ఆమె గిన్నెలు మూట కట్టుకుంది, బైబిలు చంకన పెట్టుకుంది. గది గురించి అడుగుతుందని ఎదురుచూశాను. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. అడగలేదు. నేను తాళంచెవి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

నాలుగో గదిలో తర్వాత ఒక ముసలాయన చేరాడు. హాయిగా ఉన్నాడు, ఆ గదిలోనే పోయాడు. ఆయనకు గానీ, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు గానీ ఏనాడూ ఏమీ కనపడలేదు. ఆటోవాళ్ళు చెప్పినట్టు అక్కడ ఏ దయ్యమూ కూర్చోవడం లేదు. ఏసోబు ఒక్కసారే వచ్చాడు.

ఈ మధ్య కాశమ్మ జబ్బుపడింది. పోయే ముందు నన్ను పిలిపించింది.

"ఆయప్ప పెండ్లాన్ని అడగలా సారూ. నిన్ను తాళం అడిగినాడు. నువ్వు విన్యావు, నేను విన్యా. ఆ పిల్ల మీద ఆ మాట ఇంకా ఎన్నాళ్ళు ఉంచుతావు?"

ఆమె పోయిన తర్వాత ముందు తర్లుపాడు వైపు వెళ్ళాను. ఏసోబు అన్నదమ్ములను కూర్చోబెట్టి, కదిలించింది నేను, ఆమె కాదు అని చెప్పాను. పెద్దాయన అంతా విన్నాడు. చివరికి, "ఆమెను తిట్టేటప్పుడు నువ్వు యాడ ఉండావయ్యా?" అన్నాడు. మా ప్రెసిడెంటు గారికీ నిజం చెప్పాను. ఇప్పుడెందుకండీ ఇవన్నీ అన్నారు ఆయన.

చివరగా సువార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. ఉపాధి పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. జుట్టు చాలావరకు నెరిసింది. వాళ్ళ అన్న వింటుండగా జరిగిందంతా చెప్పాను. తర్లుపాడు వెళ్ళొచ్చానని చెప్పాను. లైనులో గది ఖాళీగా ఉంది, నీ పేరు మీదే ఇస్తాం, ఎవరూ నిన్ను కదిలించరు అన్నాను.

"ఆ మాట అప్పుడు గూడా చెప్పినావు," అంది.

ఆమె కాళ్ళు తుడుచుకుని వచ్చి గడపలో కూర్చుంది.

"గది నాకొద్దన్నా. నీ మీద కోపం గూడా ఎప్పుడో అరిగిపోయింది. నాకు ఆయన మీదనే కోపం. ఆ దగ్గుకు రాత్రుల్లు రాత్రుల్లు లేచి కూచున్నా. పొయ్యేటప్పుడు తలకాయ నా ఒళ్ళో పెట్టి, ఆయన నీ దగ్గరికి వచ్చినాడు. నాతో ఒక్క మాట చెప్పి పోలా. నీతో మాట్లాడినాడు. ఎందుకు? నువ్వేమైతావు ఆయనకు?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా నోటి వంక చూస్తూ కూర్చుంది. వాళ్ళ అన్న కూడా చూస్తున్నాడు. కాసేపటికి ఆమె లేచి పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది.

చచ్చిపోయిన మనిషి అంత దూరం నుంచి ఎలా వచ్చాడు, నీళ్ళు ఎలా తాగాడు, నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా చెప్తే వింటాను. కానీ సువార్తమ్మ అడిగినదానికి ఏ డాక్టరూ, ఏ అయ్యవారూ జవాబు చెప్పలేరనుకుంటాను. వెళ్ళిపోయే ముందు దొరికిన ఆ కాస్త సమయంలో అతను భార్య దగ్గర ఉండొచ్చు. పుట్టిన ఊరికి పోవచ్చు. ఆ రెండూ కాదని, తనను బయట పెట్టినవాడి దగ్గరికి వచ్చి, తాళం తీయమని మర్యాదగా అడిగాడు. నేను తీయలేదు.